రెక్క మీద బొట్టు

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే రత్నరాజుకి మనుషుల్ని చూస్తే ఒళ్లు మంట. రిమోట్ హెలికాప్టర్‌ని ఆటబొమ్మ అనేవాళ్లంటే మరీ రోత. ఫోన్లో వీడియోలు చూసి స్క్రూలన్నీ తిప్పేసి, చివరికి తన దగ్గరికే మోసుకొచ్చేవాళ్లంటే అంతకన్నా రోత. "నీకెందుకురా ఇది, గాలిపటం ఎగరేసుకో" అని మొహం మీదే అనేసేవాడు. అయినా వచ్చేవారు. హెలికాప్టర్‌ని అంత నిలకడగా కట్టే చెయ్యి చుట్టుపక్కల ఇంకొకటి లేదు మరి.

పైన తిరిగే రెండు రెక్కలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే బరువుండాలి. లేకపోతే మిషనంతా వణుకుతుంది, గాల్లో ఊడి ఎవరి మొహమైనా చీలుస్తుంది. అందుకని రెక్కల్ని సన్నటి కడ్డీ మీద తక్కెడలా నిలబెట్టి, తేలికైనదానికి టేపు ముక్క అంటిస్తాడు. చివర్లో ఒక రెక్క మీద తన గుర్తుగా ఎర్ర టేపుతో చిన్న సిలువ వేసి, మళ్లీ తూచి సరిచేస్తాడు. "నాను కట్టింది వణికితే ఆ రోజే స్క్రూడ్రైవర్ పారీత్తాను" అని ఊరందరి ముందూ అన్న మాట ఇరవై ఏళ్లుగా నిలబడింది.

మొన్న దసరా మర్నాడు, ఫంక్షన్లలో హెలికాప్టర్‌తో పూలు చల్లించే దుర్గారావు, తనకి కట్టిచ్చిన కొత్త మిషన్‌ని ఎగరెయ్యడానికి అతన్ని పెందుర్తి తీసుకెళ్లాడు. అక్కడ కొత్త కాలనీ ప్రారంభం. తాడు కట్టి జనాన్ని దూరంగా నిలబెట్టారు. రత్నరాజు మోటారు తిప్పాడు. హెలికాప్టర్ నేల మీదే గడగడా వణికింది. జనంలో ఎవడో కిసుక్కున నవ్వాడు.

ఆపి, వంగి చూశాడు. ఒక రెక్క మీద గంధం ముద్ద, దాని మీద కుంకుమ.

"ఏటిరా ఇది?"

"ఆయుధపూజ కదా బావా. బండికీ దీనికీ కలిపి బొట్టెట్టీసినాను."

"నీ బుర్రలో గంధమే ఉంది! మూడ్రోజులు కూకోని తూసినాను. రెక్కకి బొట్టేటిరా, సన్నాసీ?"

అందరూ వినేలా తిట్టి, గుడ్డతో రుద్ది తుడిచాడు. మళ్లీ తిప్పాడు. వణుకు తగ్గింది గానీ పోలేదు.

ఈసారి రెక్కంతా తడిమాడు. బొట్టున్న చోటుకి బెత్తెడు దూరంలో వేలికి ఎర్ర సిలువ తగిలింది. కట్టడం పూర్తయిన రోజు చర్చికి టైమైపోతోందని సిలువ అంటించి, మళ్లీ తూచకుండానే పెట్టెలో పెట్టేశాడు.

"ఇంకా గంధం అంటుకునుంది" అని గొణిగి, గుడ్డ చాటున సిలువను గోటితో పీకేశాడు.

హెలికాప్టర్ తిన్నగా లేచింది. పూలు రాలాయి. జనం చప్పట్లు కొట్టారు. దిగాక దుర్గారావు అందరి ముందూ రెండు చెవులూ పట్టుకున్నాడు.

"తప్పయిపోనాది బావా. నా బొట్టు వల్ల నీ మాట పోయీది."

రత్నరాజుకి ఇంతకాలం లోకం మీద వేసిన ఉమ్మంతా తన మొహం మీదే పడినట్టనిపించింది. బొటనవేలికి అంటుకున్న సిలువను చూపిస్తూ చెయ్యి చాచాడు.

"సెవులు ఒగ్గీరా. మిగతా బరువు నాదే."

రెండో చేత్తో జేబులోని స్క్రూడ్రైవర్ తీసి, దుర్గారావు చేతిలో పెట్టాడు.