లోపలికి ఏం వెళ్లింది?

ఫారంలో రాష్ట్రం అడిగిన చోట బాణం గుర్తు నొక్కి, కిందికి జారిన జాబితాలో మీ రాష్ట్రాన్ని ఎంచుకున్నాక, అది మీ రాష్ట్రంగానే లోపలికి వెళ్లిందని మీకెవరు చెప్పారు?

ఎవరూ చెప్పలేదు. మీరు అడగనూ లేదు. ఢిల్లీ సాకేత్‌లో వెబ్‌సైట్లు తయారుచేసే ఓ చిన్న ఆఫీసులోని యేసుకుమార్ గారు మాత్రం అడగకుండా ఒక్క పూట గడపలేరు. కంటికి కనిపించే పేరును ఆయన నమ్మరు. "అది పైకి కనిపించేది. లోపలికి ఏం వెళ్లింది?" అంటారు.

ఈ జబ్బు ఫారాలతో ఆగితే బాగుండేది. ఆఫీసు కింద సమోసాలవాడిని, లోపల ఏముందని రోజూ హిందీలో అడుగుతారు: "భయ్యా, అందర్ క్యా హై?"

"ఆలూ, సాబ్. కల్ భీ ఆలూ థా." నిన్నా ఆలూయేనని వాడు గుర్తుచేస్తాడు.

సరోజినీ నగర్‌లో చొక్కా కొంటే సైజు నలభై రెండన్న చీటీని పక్కకు నెట్టి, జేబులోంచి టేపు తీస్తారు. తన పెళ్లిలో వధువు ఎల్సా "సమ్మతమే" అన్నాక, పాస్టరు గారి చెవిలో "రిజిస్టర్లో ఏం రాశారో ఒకసారి చూడొచ్చాండీ?" అన్నారట. ఇరవై ఏళ్లుగా ఎల్సా ఆ మాట మరవలేదు, మరవనివ్వలేదు.

ఈ నస భరించలేని వాళ్లలో మొదటి మనిషి నవ్యశ్రీ. లా చదివి, ఆ ఆఫీసు ఒప్పందాలు చూసే ఆ అమ్మాయికి, అన్యాయం ఎక్కడ కనిపించినా మధ్యాహ్న భోజనంలోగా తొలగిపోవాలి. ఒక ఆసుపత్రి నర్సుల ఉద్యోగాల కోసం ఫారం చేయించుకున్నప్పుడు, పరీక్షించడానికి యేసుకుమార్ గారు రెండు రోజులు గడువు అడిగారు.

"రెండు రోజులా? నొక్కితే పడుతోంది కదండీ!" అన్నాడు మేనేజరు మనోహర్.

"ఆలస్యం కూడా అన్యాయమే" అని నవ్యశ్రీ తీర్పు చెప్పింది. ఫారం ఆ రోజే విడుదలైంది.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం సువార్త అనే నర్సు ఫైలు గుండెలకు హత్తుకుని వచ్చింది. "మేడమ్, నేను బాపట్లలో పుట్టాను. నన్ను అండమాన్ అంటున్నారు! సర్టిఫికెట్లకీ ఫారానికీ పొంతన లేదని కొట్టేశారు. సాయంత్రం నాలుగింటిలోగా సరిచేయకపోతే ఈ ఉద్యోగం పోయినట్టే."

నవ్యశ్రీ వెంటనే ఆసుపత్రికి నోటీసు రాయడం మొదలుపెట్టింది. సహజ న్యాయసూత్రాల దగ్గర మూడో పేజీ తిరిగింది. యేసుకుమార్ గారు కుర్చీ లాక్కున్నారు.

"సిస్టర్, మీరు ఏం నొక్కారు?"

"ఆంధ్రప్రదేశే బ్రదర్, దేవుడి సాక్షిగా."

"నొక్కారు సరే. లోపలికి ఏం వెళ్లింది?"

పది నిమిషాల్లో దొరికింది. జాబితాలో ఆంధ్రకు లోపలి గుర్తు '02'. దారిలో ప్రోగ్రాము దాన్ని మామూలు అంకెగా మార్చి, ముందున్న సున్నా దండగనుకుని పారేసింది. మిగిలిన '2' జాబితాలో ఎక్కడా లేదు. దిక్కుతోచక ఫారం మొట్టమొదటి పేరును పట్టుకుంది. అదే అండమాన్.

"ఈమె ఒక్కరే కాదు. గుర్తు సున్నాతో మొదలయ్యే ప్రతి రాష్ట్రానికీ ఇదే గతి. నూట పధ్నాలుగు మందిని మనం అండమాన్ ఓడెక్కించాం" అన్నారాయన.

"ఫిర్యాదు చేసింది ఈవిడే కదా. ఈవిడది సరిచేసి పంపేయండి" అన్నాడు మనోహర్.

యేసుకుమార్ గారు సున్నా జారకుండా ప్రోగ్రాము సరిచేశారు. కాని ఇంతకుముందు నింపినవాళ్లు ఏం నొక్కారో ఆనవాలు మిగల్లేదు. అడిగి తెలుసుకోవాల్సిందే. ఆయన ఫోను తీశారు. నవ్యశ్రీ నోటీసు పక్కన పెట్టి సగం జాబితా అందుకుంది.

"దీదీ, మీది ఏ రాష్ట్రం?" అని హిందీలో మొదలుపెట్టేవారాయన. బిహార్, అస్సాం, ఛత్తీస్‌గఢ్ ఒక్కొక్కటే ఒడ్డుకు చేరాయి. ఒకావిడది నిజంగానే పోర్ట్ బ్లెయిర్. ఆయన మూడుసార్లు అడిగేసరికి, కెమెరా తిప్పి సముద్రం చూపించింది.

మూడుంబావుకల్లా సవరించిన జాబితా వెళ్లింది. ఆయన ఊరుకోక ఆసుపత్రికి ఫోన్ చేసి, పేర్లన్నీ వాళ్లచేత పైకి చదివించుకున్నారు. సువార్త పేరు దగ్గర "ఆంధ్రప్రదేశ్" అని వినిపించినప్పుడు గడియారంలో నాలుగుకు ఏడు నిమిషాలు తక్కువ.

"ఎందుకండీ మీకింత అనుమానం?" అని అడిగింది నవ్యశ్రీ, ఈసారి గొంతు తగ్గించి.

"అనుమానం మనుషుల మీద కాదమ్మా. వాళ్లు నొక్కేసి, మనల్ని నమ్మి వెళ్లిపోతారు. మళ్లీ తెరిచి చూడ్డం వాళ్ల చేతిలో లేదు. మన చేతిలో ఉంది."

ఆలస్యం గురించి తానిచ్చిన తీర్పు నవ్యశ్రీకి గుర్తొచ్చింది. పై కోర్టుకు పోకుండానే దాన్ని కొట్టేసుకుంది.

నెల తిరక్కుండా సువార్త కొత్త యూనిఫారంలో, మూత బిగించిన స్టీలు డబ్బాతో వచ్చింది. ఆఫీసంతా పని ఆపి చూసింది. యేసుకుమార్ గారు డబ్బా వైపు చూశారు. నోరు తెరిచారు. ఆ అమ్మాయి ముఖం చూసి మూసుకున్నారు.

ఉండబట్టలేక మనోహరే అడిగేశాడు: "లోపల ఏముందండీ?"

"సిస్టర్ తెచ్చారు. అడగక్కర్లేదు" అని యేసుకుమార్ గారు ప్లేటు చాపారు.