ఇప్పపువ్వు లడ్డులతో భద్రాచలం పోటీకి

ఖమ్మం కొత్త బస్టాండు నుంచి భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఉదయం ఆరున్నరకు బయలుదేరాలి. ఏడు కావస్తుండగా కదిలింది. ఖానాపురం హవేలి నుంచి షేర్ ఆటోలో వచ్చిన నాకు కిటికీ పక్క సీటు దొరికింది. కండక్టరు ఆధార్ కార్డు చూసి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఏప్రిల్ నెలలో ఆకాశం మబ్బు పట్టి ఉంటే ప్రయాణికులు సంతోషిస్తారు. ఆ రోజు నాకు ఆ సంతోషం లేదు. పాల్వంచ దాటిన తరువాత అడవి అంచున ఉన్న లలిత వాళ్ల ఊరిలో అప్పటికి ఇప్పపువ్వు ఆరుబయట ఎండుతోంది.

లలిత కోయ అమ్మాయి, డిగ్రీలో నా సహాధ్యాయిని. వాళ్ల ఊరి మహిళా సంఘం రెండేళ్లుగా ఇప్పపువ్వుతో లడ్డులు చేస్తోంది. నిరుడు అకాల వర్షానికి పువ్వు తడిసి నల్లబడితే షావుకారు అడిగిన ధరకే ఇచ్చేశారు. యువ సామాజిక వ్యాపారుల కోసం ఒక సంస్థ భద్రాచలంలో పోటీ పెడుతోందని, గెలిచినవారికి పెట్టుబడి ఇస్తారని తెలిసి లలిత దరఖాస్తు చేసింది. ఆ డబ్బుతో రేకుల షెడ్డు, పిండి మర పెట్టుకోవాలని సంఘం ఆశ. ఈసారి కూడా ఏమీ రాకపోతే సంఘం చాలించి ఎవరి పువ్వు వాళ్లు అమ్ముకుందామని స్త్రీలు ముందే తేల్చి చెప్పారు. కళాశాల చర్చా పోటీల్లో తర్ఫీదు పొందిన నన్ను లలిత మాటసాయానికి పిలిచింది.

కొత్తగూడెంలో బస్సు పది నిమిషాలు ఆగింది. స్టాండులో ఇడ్లీ వేడిగా ఉంటుంది, చట్నీ మాత్రం నీళ్లు. పాల్వంచలో సారపాక కాగితపు మిల్లుకు పోయే కాంట్రాక్టు కార్మికుడొకాయన ఎక్కి నా వెనుక సీట్లో కూర్చున్నాడు. అడవి మొదలైన కాసేపటికి లలిత తమ ఊరి స్టేజీలో ఎక్కింది. ఒడిలో స్టీలు డబ్బా, దాని మీద గుడ్డ.

"ఏమే డిబేటు మేడం, టిఫిన్ తిన్నవా? మాటలే తిన్నవా?"

"రెండూ తిన్నాను. పువ్వు ఎండిందా?"

"ఏం ఎండుడు? గీ మొగులు జూడు. సంఘం అత్తోళ్లు ప్లాస్టిక్ పట్టాలు పట్టుకొని వాకిట్ల కావలి కూసున్నరు."

వెనుక నుంచి కార్మికుడు తల ముందుకు పెట్టాడు. "ఏడికి బిడ్డా, ఇద్దరు గింత తయారై పోతున్నరు?"

"పోటీకి," అంది లలిత. "మంచిగ మాట్లాడినోళ్లకు పైసలిస్తరంట."

"మాట్లాడితే పైసలా? ఇన్నేండ్ల సంది మిల్లుల నోరు మూసుకొని పనిచేస్తున్న. ముందే తెలిస్తే నోరన్నా తెరుద్దును గద!"

చుట్టుపక్కల వాళ్లంతా నవ్వారు. సారపాకలో ఆయన దిగిపోయాడు. వెదురు, జామాయిల్ దుంగల లారీలు బారులు తీరి ఉండటంతో అక్కడ చాలాసేపు నిలిచాము. వంతెన మీదికి వచ్చేసరికి గోదావరిలో నీటికన్నా ఇసుకే ఎక్కువగా కనిపించింది. పది దాటాక దిగాము. బస చేయదలచినవారు సెలవు రోజుల్లో లాడ్జి గది ముందే మాట్లాడుకోవడం మంచిది. సాయంత్రమే తిరిగి రావాలనుకున్నాము గనుక మాకు ఆ అవసరం పడలేదు.

పోటీ ఒక హోటల్ మేడ మీది హాలులో. వేదిక వెనుక "ఊరిదే ఆలోచన, ఊరిదే వ్యాపారం" అని పెద్ద అక్షరాలతో బ్యానరు కట్టారు. మా వంతు భోజనానికి ముందు వచ్చింది. లలిత తడబడకుండా చెప్పింది. నిరుటి పువ్వులో మంచిది ఏరి దాచి చేసిన లడ్డులను ముగ్గురు న్యాయనిర్ణేతలూ తిన్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన పెట్టుబడిదారు రెండోది కూడా తీసుకున్నారు.

"చాలా బాగుంది. ఈ ఏడాది సరుకు ఎప్పటినుంచి ఇవ్వగలరు?" అని ఆయన అడిగారు.

"పండుగ అయినాక సార్. మా ఊర్ల కొత్త పువ్వు ముందుగాల దేవతకు పెట్టాలె. అప్పటిదాక ఏరి ఎండబెడతం గని నోట్ల వెయ్యం, అమ్మం."

"పండుగ తేదీ?"

"మా పెద్దమనిషి ఒకాయన మొన్ననే చనిపోయిండు. ఆ కర్మలు అయినంక పెద్దలు కూసొని చెప్తరు."

హాలులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు, పైగా మేలు కోరినట్టే మాట్లాడారు. "అమ్మా, తేదీ లేని సరుకుకు పెట్టుబడి ఎలా పెట్టను? మార్కెట్లో వేరే ఊళ్ల పువ్వు దొరుకుతుంది కదా. పండుగ అయ్యేదాకా అది కొని చేస్తామని చెప్పండి చాలు, రాసుకుంటాను."

లలిత నా వైపు చూసింది. సరేనంటే షెడ్డు వచ్చేస్తుందని ఇద్దరికీ తెలుసు. ఏ పక్షాన నిలబెడితే ఆ పక్షాన వాదించడం నాకు అలవాటు. కానీ అవునో కాదో చెప్పవలసింది ఆ ఊరి మనిషి.

"అట్ల చెప్పలేను సార్," అంది లలిత. "ఏ ఊరిదైనా కొత్త పువ్వు కొత్త పువ్వే. మా అత్తోళ్లు దాన్ని వండరు. మీకు అవునని చెప్పి పోతే, రేపు ఎవలతోని చేయించాలె?"

ఆయన కలం మూత పెట్టారు. అప్పుడు నేను లేచాను. "అయ్యా, ఊరిదే ఆలోచన అని మీ వెనుక రాసి ఉంది. ఊరి నియమాన్ని పక్కన పెడితేనే పెట్టుబడి అంటే, ఇందులో ఊరిది అనదగినది ఏం మిగులుతుంది? పండుగ తరువాత కొనే ఏర్పాటు మీ పద్ధతిలో ఎందుకు కుదరదు?"

హాలంతా చప్పట్లు కొట్టింది. "మంచి ప్రశ్న," అన్నారాయన. తరువాతి జట్టును పిలిచారు.

భోజనంలో వెజిటబుల్ బిర్యానీ, పెరుగన్నం పెట్టారు. లలిత పెరుగన్నం మాత్రం తింది. నాలుగు గంటలకు ఫలితాలు చెప్పారు. ఇప్పపువ్వును మార్కెట్లో కొని రంగు కాగితాల్లో మిఠాయి బిళ్లలుగా అమ్ముతామన్న నగర విద్యార్థులకు మొదటి బహుమతి దక్కింది. వాళ్ల తెర మీద పువ్వు ఏరుతున్న ఒక కోయ అవ్వ బొమ్మ ఉంది. ఆ అవ్వది ఏ ఊరో ఎవరూ అడగలేదు. చివర నా పేరు పిలిచి, ఉత్తమ వక్త అంటూ ఇత్తడి రంగు షీల్డు చేతికిచ్చారు. దాన్ని అక్కడే బల్ల మీద వదిలేయబోయాను.

"తీస్కో పిల్లా," అని లలిత నా చేయి పట్టుకుంది. "మనకు వచ్చింది గదొక్కటే."

తిరుగు బస్సు అయిదింటికి దొరికింది. వంతెన దాటగానే చినుకులు మొదలయ్యాయి. లలిత ఖాళీ డబ్బాను ఒడిలో పెట్టుకుని, అద్దం మీద జారే నీళ్లనే చూస్తూ కూర్చుంది. సారపాక దాటాక ఒక్క మాట అంది: "పట్టాలు కప్పిండ్రో లేదో."

వాళ్ల ఊరి స్టేజీలో ముగ్గురు స్త్రీలు ఒకే పట్టా కింద తలలు దాచుకుని నిలబడి ఉన్నారు. లలిత దిగింది. ఆమె ఏదైనా చెప్పేలోపే, వారిలో పెద్దావిడ కిటికీలోంచి నా చేతిలోని షీల్డును చూసింది. పక్కవాళ్లకు చూపించి కోయలో ఏదో అరిచింది. పట్టా కొస వదిలేసి వానలోనే రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టింది.

"గెలిచిండ్రా బిడ్డా! సల్లగుండు తల్లీ!"

షీల్డును కిందికి దించాను. అప్పటికే ఆలస్యమైంది. బస్సు కదిలింది. మలుపు దాకా వెనక్కి తిరిగి చూశాను. వాళ్లు ముగ్గురూ నవ్వుతున్నారు. లలిత జారిన పట్టా కొస ఎత్తి, వాళ్ల తలల మీద సరిచేస్తోంది. ఇంకా చెప్పినట్టు లేదు.

ఈ దారిన వెళ్లదలచినవారికి రోడ్డు బాగుంది, బస్సులు తరచుగా ఉన్నాయి. ఆ స్టేజీలో మాత్రం అడిగితేనే ఆపుతారు. నాకు ఆ ప్రయాణమంతా కలిసి ఒకే దృశ్యంగా మిగిలింది: వాన, పట్టా, ఎత్తిన చేతులు.

కొత్తగూడెం దాటాక కండక్టరు వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఏందమ్మా, కప్పు గొట్టినవా?"

"లేదన్నా, ఓడిపోయాం."

"మరి గదేంది?"

"బాగా మాట్లాడానని ఇచ్చారు."

ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, బరువు చూసి, మళ్లీ నా ఒడిలోనే పెట్టి ముందుకు వెళ్లిపోయాడు. ఖమ్మం వచ్చేదాకా వాన పడుతూనే ఉంది.