బోల్టు పట్టని వేళ్లు

పాల్వంచలోని మా షెడ్డులో ఒక కారుకు చక్రం ఎక్కిస్తుండగా నా కుడిచేతి వేళ్లకు బోల్టు తెలియలేదు. చేతిలో ఉన్నట్టు కంటికి కనిపిస్తోంది, వేళ్లకు మాత్రం స్పర్శ లేదు. జారి కింద పడింది. తీసి పెట్టాను, మళ్లీ పడింది. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులవి. నాకప్పుడు నలభై ఆరేళ్లు. పదహారో ఏట నుంచి మెకానిక్ పనే చేస్తున్నాను.

ఆ కారు సుధాకర్‌ది. అతను థర్మల్ స్టేషన్‌లో షిఫ్ట్ డ్యూటీ చేసేవాడు. సెలవులు కూడబెట్టుకుని ఏడాదికి రెండుసార్లు మద్రాసు వైపు రేస్ ట్రాక్‌లో కారు నడపడానికి పోయేవాడు. నన్నూ వెంట తీసుకుపోయేవాడు. అతని కారుకు స్టడ్లు ఉండవు, బోల్టులే. స్టడ్డంటే, చక్రాన్ని మోసే హబ్బు నుంచి ముందుకు పొడుచుకుని ఉండే మర కడ్డీ. చక్రాన్ని దానికి తగిలించి నట్టు బిగిస్తే చాలు. బోల్టయితే చక్రాన్ని ఎత్తిపట్టి, రంధ్రంలో మరను వేళ్లతో పోల్చుకుంటూ ఎక్కించాలి.

"భాయ్, స్టడ్లు పెడ్దామా? ట్రాక్ మీద దినానికి నాలుగుసార్లు చక్రాలు విప్పుతున్నం. హబ్బుల మర అరిగిపోతది" అన్నాడు సుధాకర్.

"కంపెనీ ఇచ్చిన బోల్టు ఉండంగ బయటి స్టడ్డు ఎందుకు? అది ఏం ఇనుమో ఎవరికెరుక?" అన్నాను.

అందులో అబద్ధమేమీ లేదు. నాసిరకం స్టడ్లు విరగడం నేను చూశాను. కానీ బోల్టులు వద్దంటే నా చేతులకు చేతకావడం లేదని ఒప్పుకున్నట్టే అనిపించింది. అసలు సంగతి అది.

మా వీధి డాక్టరు "నరాల వీక్‌నెస్" అని సూదులు ఇచ్చాడు. రెండు నెలలు వేయించుకున్నాను. రెండో నెల చివర్లో ట్రాక్‌కు పోయాం.

పొద్దున రెండో విడత పరుగుకు ముందు ఎడమవైపు ముందు చక్రం నేనే ఎక్కించాను. బిగువు కొలిచే టార్క్ రెంచ్ టక్కుమంది. బిగిసిందనుకున్నాను. మర వంకరగా పట్టినా రెంచ్ టక్కుమంటుంది. ఆ తేడా చెప్పవలసింది వేళ్లు. నా వేళ్లు చెప్పలేదు. మూడో రౌండ్‌లో మలుపు దగ్గర ఆ చక్రం ఊడి ఇసుకలోకి దొర్లిపోయింది. కారు టైర్ల గోడకు కొట్టుకుంది. సుధాకర్‌కు భుజం దగ్గరి ఎముక విరిగింది.

హబ్బు విప్పి చూస్తే నాలుగు బోల్టుల్లో రెండు మరను కోసేసి ఉన్నాయి. నేను దవాఖానాకు పోయి అతని మంచం పక్కన నిలబడ్డాను.

"నాదే తప్పు. రెండు నెలల సంది నా వేళ్లకు తెలుస్తలేదు" అన్నాను.

అతను నా చేతుల వైపు చూశాడు. "గట్లనా? మరి నాకెందుకు చెప్పలే భాయ్? నేను కూసున్న కారది."



వారం తిరక్కుండా హైదరాబాద్‌లో న్యూరాలజీ డాక్టరు దగ్గరికి పోయాను. "కొంచెం తిమ్మిరి సార్, అంతే" అన్నాను. వెనక కూర్చున్న నా భార్య హసీనా ఆగలేదు. "అంతే కాద్సార్. నెల సంది చొక్కా గుండీలు నేనే పెడ్తున్న. నడుస్తుంటే తూలుతుండు. బాత్‌రూంల రెండుసార్లు పడ్డడు."

డాక్టరు నా నడివేలి గోరును మీటాడు. నేను అనుకోకుండానే బొటనవేలు ముడుచుకుంది. ఆయన ముఖం మారింది. ఎమ్మారై తీయించి ఫిల్మ్ వెలుతురులో పెట్టి చూపించాడు. "సర్వైకల్ మైలోపతీ. మెడలో డిస్క్ వెన్నుపామును నొక్కుతోంది. ఆపరేషన్ చేస్తే ఇంతకంటే ముదరకుండా ఆపగలం. పోయిందంతా తిరిగొస్తుందని మాత్రం మాట ఇవ్వలేను" అన్నాడు.

ఆపరేషన్ అయింది. కాళ్లకు బలం వచ్చింది. మూడో రోజు కుడి భుజం లేవలేదు. "సి-ఫైవ్ పాల్సీ, అంటే మెడ నుంచి భుజానికి పోయే నరం పట్టు తప్పింది. కొందరికి వస్తుంది. చాలామందికి తగ్గుతుంది, నెలలు పట్టొచ్చు" అన్నారు డాక్టర్లు. తిండి కూడా హసీనా తినిపించేది. ఈ చెయ్యి ఇట్లాగే ఉండిపోతే ఏం చేసి బతకాలని గోడవైపు తిరిగి ఏడ్చిన రోజులున్నాయి.

ఫిజియోథెరపీలో వేళ్ల కోసం నట్లు, బోల్టులు తిప్పమన్నారు. హసీనా షెడ్డు నుంచి ఒక పాత హబ్బును, దానికి ఒక స్టడ్డునూ తెప్పించి బల్లకు బిగించింది. ఐదు నెలలు దాని ముందు కూర్చున్నాను. బోల్టును రంధ్రంలోకి ఎక్కించడం రాలేదు. స్టడ్డు మీదికి నట్టు ఎక్కించడం ఆరో వారంలోనే వచ్చింది. మర కంటికి కనిపిస్తుంది, కడ్డీ నట్టుకు దారి చూపిస్తుంది.

సుధాకర్ ఇంటికొచ్చి మళ్లీ అడిగాడు: "ఇప్పుడు చెప్పు భాయ్. బోల్టా, స్టడ్డా?"

"సరిగ్గ బిగిస్తె రెండూ పట్టుకుంటయ్. రోడ్డు మీద బోల్టు చాలు. ట్రాక్ మీద తొందర ఉంటది, చక్రం కాలుతుంటది. అరిగితె స్టడ్డు మార్చొచ్చు, హబ్బు మార్చుడు కష్టం. మంచి గ్రేడువి తెప్పియ్, మర లోపలికి పూర్తిగ దిగాలె. కానీ బిగించేది నేను కాదు."

"నువ్వు పక్కన నిలవడి చూడు. గది చాలు" అన్నాడు.

ఇది జరిగి మూడేళ్లు దాటింది. భుజం లేస్తోంది. వేళ్ల కొసల్లో తిమ్మిరి పోలేదు, పోదని డాక్టరు చెప్పాడు. షెడ్డులో స్టూలు మీద కూర్చుని పని చెప్తాను. బరువులెత్తను. సుధాకర్ కారు నడుపుతున్నాడు. మలుపుల్లో స్టీరింగ్ తిప్పేటప్పుడు అతని భుజం ఇంకా సలుపుతుందట. నేను ఆ సంగతి ఎత్తితే అతను మాట మారుస్తాడు.

ఇది చదివేవారికి ఒకటే చెప్తాను. డాక్టరు దగ్గరికి ఒంటరిగా పోకండి. మీతోపాటు రోజూ ఉండేవాళ్లను తీసుకుపోయి, ముందు వాళ్లను మాట్లాడనివ్వండి. మన జబ్బును మనం తగ్గించి చెప్తాం. వాళ్లు ఉన్నదున్నట్టు చెప్తారు.