దెబ్బలు తినే వుకోటా

మా ఊరి పోలీసుల చేతిలో వుకోటా తిన్నన్ని దెబ్బలు ఊళ్ళో దొంగలందరూ కలిసి కూడా తిని ఉండరు. పోనీ ఏమైనా చేశాడా అంటే, జన్మలో ఎవరి తోటలోంచీ ఒక్క రేగుపండు కూడా తెంపిన మనిషి కాదు. ఏడాది పొడుగునా రొట్టెలు కాలుస్తాడు. వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి మాత్రం మెత్తలు కుట్టిన దళసరి దుస్తులు తొడుక్కుని, తలకు పెద్ద హెల్మెట్ తగిలించుకుని, పోలీసుల కసరత్తు హాల్లో తాగుబోతుగానో, పెళ్ళాం మీదికి కత్తి ఎత్తిన మొగుడిగానో వాళ్ళ మీదికి ఉరుకుతాడు. అతన్ని లొంగదీయడమే వాళ్ళకు పరీక్ష. పంతొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

కుర్రతనంలో కుస్తీ పట్టిన ఒళ్ళు, పీపా అంత మనిషి. అతనికో పట్టుదల ఉంది. పట్టు సరిగా పడితేనే పడతాడు, లేకపోతే సాక్షాత్తూ పెద్ద అధికారి అల్లుడైనా సరే, గుంజలా నిలబడతాడు. ముందు మాట, తర్వాత చెయ్యి, ఆ తర్వాతే లాఠీ అన్న సూత్రం పోలీసులకంటే అతనికే బాగా వచ్చు. నేలమీద బోర్లా పడి ఉండి కూడా పాఠం చెప్పేవాడు.

"ఒరేయ్ నాయనా, రెండో దెబ్బకే లొంగిపోయాను కదరా! మూడోది ఎవరి కోసం? మీ అత్తగారి మీద కసి నా మీద తీర్చుకుంటున్నావా?"

ఇంతటి మొనగాడికి ఆ వసంతంలో గండం బ్లాజో రూపంలో వచ్చింది. బ్లాజో యాభై నాలుగేళ్ళ బీటు పోలీసు, వుకోటాకు కూమ్. బ్లాజో పెళ్ళికి సాక్షిగా నిలబడింది, వాడి కూతురికి పేరు పెట్టింది వుకోటాయే. మా కొండల్లో కూమ్ అంటే తోడబుట్టినవాడికంటే ఒక మెట్టు పైన. తమ్ముణ్ణి కొడితే మూడు రోజుల్లో మర్చిపోతారు గానీ, కూమ్ మీద చెయ్యెత్తినవాడి కథ మునిమనవల దాకా చెప్పుకుంటారు.

బ్లాజో ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో లాఠీ వాడింది రేగుచెట్టు కొమ్మలు దులపడానికే. గొడవ జరిగిన చోటికి వెళ్ళడం, పక్కన కూలబడడం, అవతలివాడికి విసుగొచ్చేదాకా మాట్లాడడం, ఇదే వాడి పద్ధతి. అందుకే రెండుసార్లు పరీక్ష తప్పాడు. మూడోసారీ తప్పితే కింద మైదానంలో ఉన్న రాజధాని పోద్గోరిత్సాలో నేలమాళిగకు పంపేస్తారు, పాత కాగితాలకు కాపలా కాయడానికి. మంచుకొండల్లో పుట్టినవాడు ఆ ఊరి ఉక్కలో వారం బతకడు. పాత శిక్షకుడు ఈ ఇద్దరినీ ఎప్పుడూ ఎదురెదురుగా నిలబెట్టలేదు. ఆయన రిటైరయ్యాడు. కొత్తగా సముద్రతీరం నుంచి వచ్చిన శిక్షకురాలు సెన్కా ఎవరికి ఎవరో చీటీలు తీస్తే, బ్లాజోకు వుకోటాయే పడ్డాడు.

"మేడమ్, వాడు నా కూమ్. కొట్టలేను," అన్నాడు బ్లాజో.

"రేపు మీ కూమ్ గొడ్డలి పట్టుకుని పక్కింటావిడ మీదికి పోతే? కాఫీ తాగొచ్చి చూస్తానంటారా?"

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?

వుకోటాకు ఇంకో దిగులుంది, ఎవరికీ చెప్పలేదు. కుడి మోకాలు చెడి ఆరు నెలలైంది. తెలిసిందంటే మెత్తల దుస్తులు లాగేసుకుంటారు. రొట్టెలు ఎవడైనా కాలుస్తాడు. ఆ దుస్తులు వేసుకున్న రోజే తాను ఊరికి పనికొచ్చే మనిషినని అతని నమ్మకం.

పరీక్ష రోజు పొద్దున బట్టలు మార్చుకునే గదిలో బ్లాజోను గోడకు నొక్కిపట్టాడు.

"తొడ మీద రెండు వెయ్యరా. మెత్త ఉంది, దోమ కుట్టినట్టు కూడా ఉండదు."

"వెయ్యను."

"మొండి వెధవా! నీ పెళ్ళాం రోజూ నా కొట్టుకొచ్చి ఏడుస్తోందిరా!"

"అయితే నువ్వే పడిపో."

వుకోటా ముఖం కందగడ్డయింది. "ఊరికే పడాలా? నేనా?"

"చూశావా? నీకు పడడం ఎంత కష్టమో, నాకు కొట్టడం అంత కష్టం."

ఈల మోగింది. వుకోటా ఖాళీ సీసా ఊపుతూ తాగుబోతులా ఉరికాడు. బ్లాజో పక్కకు తప్పుకున్నాడు. మళ్ళీ ఉరికాడు, మళ్ళీ తప్పుకున్నాడు. లాభం లేదని వుకోటా గొంతు చించుకున్నాడు.

"మీ నాన్న కాచిన రాకియా తాగడానికే కాదురా, గొర్రెల గిట్టలు కడగడానికి కూడా పనికిరాదు!"

హాల్లో పోలీసులందరూ "అమ్మో!" అన్నారు. చచ్చిపోయిన తండ్రి సారా జోలికి పోతే మా వైపు తలకాయలు పగులుతాయి. బ్లాజో లాఠీ పైకి లేచింది. హమ్మయ్య అనుకుని వుకోటా తొడ ముందుకు పెట్టాడు. లాఠీ మెల్లిగా కిందికి దిగింది.

వుకోటా ఒళ్ళు మండి గిర్రున తిరిగాడు. మోకాలు కలుక్కుమంది. పళ్ళు బిగించి నిలబడ్డాడు. ఎవరూ గమనించలేదు, బ్లాజో తప్ప.

బ్లాజో లాఠీని నడుముకు దోపుకుని దగ్గరికొచ్చాడు.

"ఎన్నాళ్ళయిందిరా ఆ మోకాలు?"

"నోర్ముయ్. కొట్టు."

"చలికాలం నుంచీ మెట్లు పీతలా దిగుతున్నావు. నేనేమైనా గుడ్డోణ్ణనుకున్నావా? నువ్వు చెప్తావేమోనని చూశాను. చాల్లేరా, ఇంకెన్ని తన్నులు తింటావు? ఆ సీసా ఇటిచ్చి కూర్చో."

వుకోటా సీసా ఇచ్చేశాడు. కూర్చున్నాడు.

సెన్కా వచ్చి ఎదురుగా నిలబడింది. "మీరు ఊరికే పడిపోరని అందరూ చెప్పారు. నిజం చెప్పండి. మీ కూమ్ కోసం నాటకమాడారా, నిజంగా లొంగారా?"

హెల్మెట్ లోపల చెమట ధారలు కట్టింది. నాటకమంటే మెత్తల దుస్తులు తనవే, బ్లాజో నేలమాళిగకు పోతాడు. నిజమంటే బ్లాజో ఊళ్ళో ఉంటాడు, కానీ మోకాలి సంగతీ చెప్పాలి, తన పని ఇవాళ్టితో సరి. వుకోటా హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు.

"పంతొమ్మిదేళ్ళలో నా చేతిలోది మాటతో తీసుకున్న మగాడు లేడమ్మా. వీడు తీసుకున్నాడు. మోకాలు పోయిన మాటా నిజమే. రెండూ రాసుకోండి."

ఆవిడ రెండూ రాసుకుంది. బ్లాజో పాసయ్యాడు. పోలీసులు చప్పట్లు కొడుతుంటే వాడు మాత్రం నేలమీద చతికిలబడి, వుకోటా ఒంటిమీది మెత్తల పట్టీలు ఒక్కొక్కటే విప్పుతూ ముక్కు చీదుతున్నాడు.

"ఏడుపెందుకురా గాడిదా? పాసయ్యావుగా!"

"నీ పని పోగొట్టాను కదరా."

"పోగొట్టావు. నిన్ను చచ్చినా క్షమించను, పో!" అని, వుకోటా తన బరువంతా వాడి భుజం మీద వేసి లేచాడు.