గోనెసంచిలో ఖాళీ సీసాలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో వినుకొండలో నాకు మందుల కొట్టు ఉండేది. ఆ రోజుల్లో దగ్గుమందుకు గిరాకీ ఉన్నట్టుండి పెరిగింది. మొదట లారీ డ్రైవర్లు ఒకటీ అరా అడిగేవారు. తర్వాత స్కూటరు మీద ఒకతను వచ్చి పెట్టెలకు పెట్టెలు తీసుకెళ్ళేవాడు. పత్తి మిల్లుల దగ్గర మత్తు కోసం తాగేవాళ్ళకు అమ్ముతున్నాడని నాకు తెలుసు. డాక్టరు చీటీ అడిగితే పక్క కొట్టుకు పోతాడని సర్దిచెప్పుకునేవాణ్ణి. గుంటూరు ఏజెంటు నేను అడక్కముందే సరుకు దింపేవాడు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక, జిన్నింగు మిల్లులో పనిచేసే ఒకావిడ గోనెసంచితో వచ్చి, బల్ల మీద ఖాళీ సీసాలు పేర్చింది. అన్నింటి మీదా నా కొట్టు ముద్రే.

"మా ఆయన మంచం కింద దొరికినయ్యన్నా. జ్వరం బిళ్ళ ఇచ్చేటప్పుడు అన్నం తిన్నావా అని అడుగుతారు గదా. దీనికి ఒక్క మాటన్నా అడగలేదేం?"

ఆవిడ గొంతు పెంచలేదు.

మర్నాడు స్కూటరతనికి సరుకు లేదన్నాను. "నువ్వు కాకపోతే ఇంకోడు" అని ఎదురు కొట్టుకు వెళ్ళాడు. అక్కడ దొరికింది కూడా. నేనొక్కణ్ణీ మానేస్తే చాలదని అప్పుడు అర్థమైంది. ఆవిడను వెంటబెట్టుకుని, ఆ సీసాల సంచితో ఊళ్ళో మందుల కొట్లన్నీ తిరిగాను. కొందరు విసుక్కున్నారు. అందరిలోకీ పెద్దాయన మాత్రం సీసాలు ఒక్కొక్కటే తిప్పి చూసి, "ఇక చీటీ లేకుండా ఎవరం ఇవ్వొద్దురా" అన్నాడు. ఆయన మాట మీద మిగతావాళ్ళూ దారికొచ్చారు.

తర్వాత ఏజెంటు బిల్లులు తీసుకుని డ్రగ్ ఇన్‌స్పెక్టరు గారి దగ్గరికి వెళ్ళాను.

"నీ మీదా చర్య ఉంటుంది, తెలుసా?"

"తెలుసండి."

నెల రోజులు నా కొట్టు మూయించారు. ఆ బిల్లుల ఆధారంగానే గుంటూరులో ఏజెంటు గోడౌనుకు సీలు వేశారు. స్కూటరతను మళ్ళీ మా బజారుకు రాలేదు. వేరే ఊరు వెతుక్కున్నాడేమో, చెప్పలేను.

ఆవిడ తన భర్తను గుంటూరు పెద్దాసుపత్రిలో చేర్పించింది. ఒకసారి మళ్ళీ ఆ మత్తులోకి జారాడు, మళ్ళీ తీసుకెళ్ళింది. మరుసటి ఏడు పత్తి వచ్చే వేళకు ఇద్దరూ కలిసి మిల్లుకు నడిచి వెళ్ళడం చూశాను.

నన్ను బజార్లో నిలబెట్టి దులిపేయగలిగి ఉండీ, ముందు నన్నే అడిగింది. సిగ్గుపడి మారడానికి నాకొక అవకాశం ఇచ్చింది. ఇన్నేళ్ళయినా ఆవిడను తలచుకుంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.