ఎండలో పెట్టిన సీసా

తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్ విందుల్లో నా మాట ఎవరూ నమ్మరు. మేముండే ఎడారి ఊరు చాండ్లర్ ఎండకి కారు డిక్కీలో ఇడ్లీలు ఉడికించానని, ఆ ఆవిరికి వెనక కారు అద్దం మసకబారితే పోలీసు నన్నాపి రెండు తిని వదిలేశాడని చెప్పినదాన్ని. మరుసటి వారం చెప్పేసరికి ఆ డిక్కీలో సాంబారు కూడా మరుగుతుంది. అది నా ఇష్టం. ల్యాబ్‌లో మాత్రం రవ్వంత పెంచి చెప్పమన్నా చెప్పను. మా ప్రొఫెసర్‌గారితో గొడవ అక్కడే వచ్చింది.

మేం టమాటా మొలకల్లో నైట్రిక్ ఆక్సైడ్ మీద పని చేస్తున్నాం. కంటికి కనపడని వాయువు, పుట్టిన కాసేపటికే మాయమైపోతుంది. అందుకని దాన్ని మొక్కకు అందించడానికి డోనర్ అనే మందు వాడతాం. నీళ్లలో కలిపితే వెలుతురు తగిలి వాయువును వదులుతుంది. వేర్లలో అది చేరిందో లేదో చూడడానికి ఒక రంగు పట్టిస్తే, వాయువు ఉన్నచోట మైక్రోస్కోపు కింద ఆకుపచ్చగా వెలుగుతుంది. డోనర్ పోసిన మొలకలు వేడికి వాడలేదు, వేర్లూ వెలిగాయి. ప్రొఫెసర్‌గారు వెంటనే పేపర్ రాసేశారు, టమాటాను నైట్రిక్ ఆక్సైడ్ కాపాడిందని. రెండో పేరు నాది. ఆ పేపర్ మీద పేరుంటేనే నా కాంట్రాక్ట్ ఇంకో ఏడాది సాగుతుంది.

కానీ ఆ మందు సంగతి నాకు తెలుసు. వాయువుతోపాటు ఇనుమూ, కాస్త సయనైడూ వదులుతుంది. మొక్కను నిలబెట్టింది ఏదని చెప్పగలం? అందుకే కంట్రోల్‌గా, అంటే పోల్చి చూడడానికి, అదే మందును సీసాలో కలిపి కిటికీ ఎండలో పెట్టాను. వాయువంతా పోయిందని, దాన్ని కొలిచే ఎలక్ట్రోడ్‌తో తేల్చుకుని, మిగిలిన నీళ్లు కొత్త మొలకలకు పోశాను. వాయువు లేకపోయినా అవీ నిటారుగా నిలబడ్డాయి. వాటి వేర్లూ అంతే ఆకుపచ్చగా వెలిగాయి. ల్యాబ్ మీటింగ్‌లో ఆ వేర్ల ఫోటో తెర మీద పెట్టాను.

"ఈ కంట్రోల్ ఎవరడిగారు మేడమ్?" అన్నారాయన.

"నేనే అడిగాను."

"రివ్యూయర్స్ అడగరు. ఫీల్డ్‌లో అందరూ ఇట్లానే పబ్లిష్ చేస్తున్నారు."

"అందరూ చేశారని టమాటా ఒప్పుకుంటుందా సార్?"

"మీ ఇడ్లీ కథకి ఏ కంట్రోల్ ఉందో చెప్పండి ముందు."

"అది విన్నవాళ్లు నవ్వుకుని ఇంటికి పోతారు. దీన్ని నమ్మినవాళ్లు ఏళ్ల తరబడి వేర్లు తవ్వుకుంటూ కూర్చుంటారు."

ఆయన కొంచెం తగ్గారు. "టైటిల్ మారుద్దాం. 'బహుశా' అని ఒక మాట యాడ్ చేద్దాం."

"డోనర్ పోస్తే రంగు వెలిగిందని రాయండి. ఎండ సీసా పోసినా వెలిగిందని రాయండి. నైట్రిక్ ఆక్సైడ్ పెరిగిందని మాత్రం నా పేరు కింద అనకండి."

"అట్లయితే రెన్యూవల్ విషయంలో నేనేం హెల్ప్ చేయలేను."

"నేనడిగానా?"

కావాలంటే పేరు తీసేసుకోండన్నట్టు, ఆయన పేపర్ తెరిచి ఉన్న ల్యాప్‌టాప్‌ను నా వైపు తిప్పారు. భయపడి వెనక్కి తగ్గుతాననుకున్నట్టున్నారు. నా పేరు చివర కర్సర్ పెట్టి, ఆయన చూస్తుండగానే ఒక్కో అక్షరం చెరిపేశాను. తెర మీద ఫోటోను అలాగే వదిలేసి మొలకలకు నీళ్లు పోయడానికి వెళ్లాను.