యంత్రానికి కొట్టిన కొబ్బరికాయ

ఆ రోజుల్లో అంటే తాతల కాలమేమీ కాదు, మాస్కులు ముక్కు మీంచి గడ్డం కిందికి దిగుతున్న కాలం. అబుదాబిలో కొత్త ఉద్యోగం. ఏళ్లుగా డ్రమ్ముల్లో దాచిన రేడియోధార్మిక వ్యర్థజలాలను శుభ్రం చేసే బుల్లి యంత్రం వచ్చింది, లారీలో పట్టేంత. దాన్ని పరీక్షించే జట్టులో నేనూ ఉన్నాను. ముందు మామూలు నీళ్లతో నడిపి చూపాలి. బయటికొచ్చిన నీళ్లకు మీటరు సున్నా చూపిస్తే అసలు సరుకు మా చేతికిస్తారు. లేదంటే యంత్రం వెనక్కి, నేను ఫుజైరా క్వారీలో దుమ్ము కొలవడానికి. అమ్మకేమో అప్పటికే అణుశాస్త్రవేత్తనయ్యానని చెప్పేశాను (బనియాస్ పేటలో నలుగురితో పంచుకున్న గదిలో నాది పైమంచమని చెప్పలేదు).

నాతో పనిచేసే నిజామాబాద్ అన్న మాత్రం కాయ కొట్టనిదే స్విచ్చి వెయ్యనన్నాడు. "స్కూటర్ కొంటేనే కొడ్తం, గింత మెషీన్‌ని ఉత్తగనే మొదలువెడ్తమా తమ్మీ?" న్యాయమే. కానీ ఆ షెడ్డులో నేల మీద చుక్క పడితే విచారణ, ఏదైనా నోట్లో వేసుకుంటే ఉద్యోగం ఖలాస్. అందుకని గుమ్మం దగ్గరే కాయ కొట్టి, నీళ్లు ఖాళీ శాంపిల్ సీసాలో పట్టి, డ్యూటీ అయ్యాక తీర్థం పుచ్చుకుందామని మూత బిగించి లోపల బల్ల మీద పెట్టాడు. మిగతా సీసాల పక్కనే.

యంత్రం గుర్రుమని లేచింది. నా గుండె దానికన్నా గట్టిగా. బయటికొచ్చిన నీళ్లు సీసాలో పట్టి బల్ల మీద పెట్టాం. మా ముదీర్ మేడమ్, అంటే మేనేజరు, స్వయంగా బల్ల మీది సీసా ఒకటి తీసి మీటరులో పెట్టింది. తెర మీద గీత లేచింది. అన్న కళ్లు మూసుకున్నాడు, నేను మనసులో ఫుజైరా బస్సెక్కి కిటికీ సీటు కూడా చూసుకున్నాను. ఇంతలో తెర మీద పొటాషియం అని వచ్చింది. దానిలో పుట్టుకతోనే కాస్త రేడియోధార్మికత ఉంటుంది, కానీ మా నీళ్లలో అది లేదు. మరెందులో ఉంటుంది? అరటిపండులో, ఆ తర్వాత...

"మేడమ్, అది కొబ్బరినీళ్లు," అన్నాను.

ఎందుకని అడిగింది. పూజ అన్నాను. యంత్రం నీళ్లు పట్టిన అసలు సీసా తెప్పించి మీటరులో పెట్టింది. సున్నా! నేను అక్కడే గంతులేశాను. "కొబ్బరినీళ్లను కూడా పట్టేసిందంటే మీటరు బాగున్నట్టే," అంది. కానీ లోపల కొలిచిన ద్రవం బయటికి వెళ్లకూడదన్నది రూలు. యల్లా, కానివ్వండి అంటూ దాన్నీ యంత్రంలోనే పొయ్యమంది. అన్న రెండు చేతులూ జోడించి పోశాడు. తీర్థం మాకు దక్కలేదు, యంత్రం పుచ్చుకుంది.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు గుమ్మం దాటి తినేది, తాగేది ఏదీ రాకూడదని మొహం గంభీరంగా పెట్టి చెబుతుంటాను. వెనక అన్న దగ్గుతుంటాడు. (కాయ ఇప్పుడు పార్కింగ్‌లో కొడుతున్నాం.) ఒక్కోసారి ఆ పైమంచం కుర్రాడు గుర్తొస్తాడు. బడిలో ఎన్ని సున్నాలు చూశాడో, ఒక్కదానికీ అలా గంతులేసి ఎరగడు.